బాణం, ఈదురుగాలి, సాలవనం

ఫాల్గుణం దాటి ఎండలు ముదిరే వేళకు ఖరగ్‌పూర్‌లో లోకల్ రైళ్ళు ఎక్కే తెలుగువాళ్ళకు ఒక దృశ్యం తరతరాలుగా అలవాటే. గోనెపట్టాలో చుట్టిన విల్లులు, వెదురు కర్రకు బిగించిన ఈటెలు, మడిచిన వలలు పట్టుకుని గుంపులు గుంపులుగా మనుషులు కనిపిస్తారు. కొందరు టాటా లైన్లో ఝార్‌గ్రామ్ వైపు, కొందరు కాసాయి నది దాటి మేదినీపూర్, సాల్బొని వైపు, ఇంకొందరు హౌరా దారిలో పాంశ్‌కురా వైపు. శికార్ పండగకు వెళ్తున్నారని అందరికీ తెలుసు. మథురాకాటిలోనో నింపురాలోనో పెరిగే పిల్లలు ఇంటికొచ్చి అడుగుతారు: బాణం దెబ్బకు జింక నిజంగా చస్తుందా? ఈదురుగాలిలో గురి ఎలా కుదురుతుంది? పోలీసులు పట్టుకోరా? "వాళ్ళ పండగ లేరా" అని పెద్దవాళ్ళు మాట దాటేస్తారు. అవి మంచి ప్రశ్నలు. ఒక్కొక్కటీ విప్పి చూస్తే, ఈ చుట్టుపక్కల అడవికీ మన రైలుపట్టాలకూ ఉన్న లంకె కూడా బయటపడుతుంది.

ముందు బాణం సంగతి. విల్లుతో జింకను కొట్టాలనుకునేవాడు దానికి ఇరవై ముప్పై మీటర్ల దగ్గరికి చేరాలి. అంతకన్నా దూరమైతే మామూలు విల్లుకు దెబ్బ మీద భరోసా ఉండదు. నేల మీద నడిచి అంత దగ్గరికి పోవడం దాదాపు కుదరని పని. అందుకే ప్రపంచంలో చాలా చోట్ల విలుకాడు మంచె కట్టుకుని మాటు వేస్తాడు. జొన్నచేలో పిట్టలు తోలే మంచె మనకు తెలిసిందే. వేటమంచె దానికన్నా ఎత్తుగా, చెట్టు మానును ఆనుకుని, నాలుగు నుంచి ఆరు మీటర్ల మీద ఉంటుంది. అంత ఎత్తు ఎందుకంటే, జింకకు కంటికన్నా ముక్కు నమ్మకమైన కాపలా. మనిషి వాసన నేల మీదుగా తగిలిందా, ఇక ఆ పక్కకు రాదు. ఎత్తున కూర్చుంటే వాసన చాలాసార్లు దాని తల మీదుగా పోతుంది. పైగా జింక మేస్తూ చుట్టుపక్కల చూసినంతగా చెట్ల కొమ్మల్లోకి చూడదు.

అంత దగ్గరికి వచ్చినా పని అయిపోయినట్టు కాదు. వెదురు విల్లు వదిలిన బాణం సెకనుకు సుమారు 45 మీటర్లు పోతుందనుకుందాం. 25 మీటర్ల దూరానికి అర సెకనుకు పైగా పడుతుంది. అల్లెతాడు చప్పుడు మాత్రం సెకనుకు 340 మీటర్ల వేగంతో పోయి 0.07 సెకనులోనే జింక చెవిని తాకుతుంది. బాణం దారిలో ఉండగానే జింక ఉలిక్కిపడుతుంది. దూకడానికి ముందు కాళ్ళు ముడిచి ఒళ్ళు కిందికి దించుతుంది. గుండెకని వేసిన బాణం వెన్ను మీదుగానన్నా పోతుంది, వీపు కండలోనన్నా దిగుతుంది. ఆ అర సెకనులోనే బాణం కూడా గురిగీత నుంచి మీటరున్నర దాకా కిందికి జారుతుంది. దాన్నంతా లెక్క కట్టుకుని విలుకాడు పైకి గురి పెట్టాలి. పుట్టి పెరిగిన ఊళ్ళో చిన్నప్పటినుంచీ విల్లు పట్టినవాడికి ఈ లెక్క చేతికే వచ్చేస్తుంది. మిగతావాళ్ళకు ఏళ్ళ తరబడి సాధన కావాలి.

ఇక గాలీ వానా. సన్నని చినుకు విలుకాడికి మేలే చేస్తుంది. రాలిన ఆకు మెత్తబడి కాలికింద చప్పుడు చేయదు, చినుకుల శబ్దంలో అల్లెతాడు మోత కలిసిపోతుంది, జింకలు కూడా సన్న వానలో మేతకు తిరుగుతూనే ఉంటాయి. ఈదురుగాలి లేస్తే కథ మారిపోతుంది. కొమ్మలు ఊగే హోరులో జింకకు ఏ చప్పుడు ఎక్కడిదో తెలియదు, వాసన ఏ దిక్కుదో అందదు. రెండు కాపలాలూ పోయినప్పుడు అది దట్టమైన పొదలో కదలకుండా నిలబడుతుంది. గాలివాన వెలిసిన గంటా రెండు గంటల్లో ఆకలితో బయటికొస్తుంది. మాటు తెలిసినవాడు ఆ వేళ కోసమే కాచుకుని ఉంటాడు. ఆ లోపల తడి మంచె మీద వాడి అవస్థ వేరు. పక్కగాలి తేలికైన బాణాన్ని దారి తప్పిస్తుంది. బాణం చివర ఈకలు తడిసి అంటుకుపోతే అది తిన్నగా పోదు. నరంతో పేనిన తాడు తడికి సాగిపోతుంది, వెదురుబద్ద అల్లెకు ఆ బాధ తక్కువ. పాకుడు పట్టిన మానూ, ఊగే కొమ్మా, చలికి కొయ్యబారిన వేళ్ళూ కలిస్తే మంచె మీంచి పడటం ఎంతసేపు? అమెరికాలో మాటువేటగాళ్ళకు తగిలే పెద్ద దెబ్బల్లో చాలావరకు ఇలా పడటంవల్లే తగులుతాయి. అందుకే ఒళ్ళంతా పట్టే బెల్టు మానుకు కట్టుకోకుండా ఎక్కొద్దని అక్కడ నేర్పుతారు.

నా దృష్టిలో అన్నింటికన్నా బరువైన సంగతి నెత్తుటి జాడ. తూటా ఎముకను పగలగొట్టి జంతువును అక్కడికక్కడే పడగొట్టవచ్చు. బాణం చంపే తీరు వేరు. పదునైన ములికి ఊపిరితిత్తులనో పెద్ద రక్తనాళాన్నో కోస్తే, నెత్తురు కారి, జంతువు కొంత దూరం పరిగెత్తి పడిపోతుంది. దెబ్బ సరిగా తగిలితే వంద మీటర్ల లోపే పడవచ్చు. కడుపులోనో కండలోనో దిగితే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే బాధ్యత తెలిసిన విలుకాడు బాణం తగిలాక వెంటబడడు. అరగంటో అంతకన్నా ఎక్కువో ఆగి, ఆకుల మీది చుక్కలు చూసుకుంటూ మెల్లగా వెతుకుతాడు. వాన పడితే ఆ చుక్కలు పది నిమిషాల్లో కడుక్కుపోతాయి. బాణం దిగిన జింక ఏ పొదలో ఎంతసేపు కొట్టుకుని చచ్చిందో ఎవరికీ తెలియదు. వాన మొదలయ్యాక బాణం వేయకపోవడమే ఆ విద్యలో పెద్దరికం. ఆ నిగ్రహం లేనివాడి చేతిలో విల్లు ఉండటం నాకు భయం కలిగిస్తుంది.

అమెరికాలో ఈ వేటకు లైసెన్సు, కాలం, కొట్టదగిన జంతువుల లెక్క అన్నీ ఉంటాయి. విస్కాన్సిన్ రాష్ట్రం 1934లో విలుకాళ్ళకోసమే ప్రత్యేకంగా జింకల వేటకాలం ప్రకటించింది. 1960లలో హోలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లు తయారుచేశాక బాణం వేగం బాగా పెరిగింది, విల్లు పట్టేవాళ్ళూ పెరిగారు. అక్కడ తెల్లతోక జింకల మంద పెద్దది, దాన్ని అదుపులో పెట్టడానికి వేటను ఒక సాధనంగా వాడుతున్నారు. బ్రిటన్‌లో తుపాకీతో జింకను కొట్టొచ్చు గానీ బాణంతో కొడితే నేరం. గాయంతో తప్పించుకుపోయే జంతువుల బాధే దానికి కారణం. ఒకే విద్యను రెండు దేశాలు రెండు రకాలుగా చూశాయి.

మన జంగల్‌మహల్‌కు వద్దాం. పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్, బాంకురా, పురూలియా జిల్లాల సాలవనాల పేరది. మనం ఉత్తరాంధ్రలో గుగ్గిలం అనే చెట్టే ఈ సాల. ఇక్కడి పండగ వేట మాటు వేట కాదు, తోలుడు వేట. వందలమంది వరసగా నిలబడి, డప్పులు వాయిస్తూ, కేకలు పెడుతూ అడవిని ఒక కొసనుంచి తోలుకుంటూ వస్తారు. రెండో కొసన విల్లులూ ఈటెలూ వలలూ కాచుకుని ఉంటాయి. మంచె మీద ఒంటరిగా కూర్చున్నవాడు ఫలానా జంతువునని ఎంచుకుని కొడతాడు. తోలుడులో ఎంపిక ఉండదు. అడవిపంది వచ్చినా, కుందేలు వచ్చినా, ఉడుమో ముంగిసో అడవిపిల్లో గుడ్ల మీదున్న పిట్టో వచ్చినా దెబ్బే. పూర్ణగర్భిణి అయినా తెలియదు. కొన్నిచోట్ల జంతువుల్ని బయటికి తోలడానికి రాలిన సాల ఆకుకు నిప్పు కూడా పెడతారు. ఆ మంటకు నేల మీది గూళ్ళు, మొలకెత్తిన సాల పిలకలు అన్నీ పోతాయి.

ఆ విల్లు మాత్రం చూడదగిన వస్తువు. దగ్గరగా చూస్తే వెదురు బద్దను చెక్కి, నడుమ లావుగా కొసలకు సన్నగా దించిన తీరు తెలుస్తుంది. అల్లె కూడా తాడు కాదు, నున్నగా చీల్చిన వెదురు పేడు. ఇనుప ములికిని ఊరి కమ్మరి సాగగొట్టి ఆకు ఆకారానికి తెస్తాడు. పిట్టల కోసం కొన్ని బాణాలకు ఇనుము బదులు మొద్దు కొయ్య ఉండలాంటిది బిగిస్తారు. మేకు అన్నది లేకుండా ఇంత పొందికగా తయారైన పనిముట్టును చూసి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ చేతిపనిమీద గౌరవాన్నీ ఆ వేటమీద అభ్యంతరాన్నీ ఒకేసారి మనసులో ఉంచుకోవడం నాకు కష్టమేమీ అనిపించలేదు.

ఈ పండగలు పడేది కూడా గాలివానల కాలంలోనే. చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నానికి ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీది నేల మాడిపోయి, గాలి పొయ్యి మీది పాలలా పొంగి పైకి లేస్తుంది. బంగాళాఖాతం తేమ దానికి తోడవుతుంది. సాయంత్రానికి వాయవ్యం నుంచి నల్లటి మబ్బు కమ్మి, కాలబైశాఖి విరుచుకుపడుతుంది. వడగళ్ళు, పిడుగులు, గంటకు వంద కిలోమీటర్లు దాటగల గాలులు. రైల్వే కాలనీల్లో మనవాళ్ళు అప్పుడు ఆరేసిన బట్టలకోసం, వడియాల కోసం పరుగులు పెడతారు. అడవిలో ఉన్న వేటగుంపు సాల చెట్ల కింద చిక్కుకుంటుంది. పిడుగుల వేళ పొడుగాటి చెట్టు కింద ఇనుప ఈటె పట్టుకుని నిలబడటం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. వాన వెలిశాక మెత్తబడ్డ నేలమీద అడుగుజాడలు అచ్చుగుద్దినట్టు పడతాయి, కాబట్టి ఆ వేళ వేటకు అనువుగా ఉంటుంది. అంతకుముందు గాయపడి పారిపోయిన జంతువుల జాడ మాత్రం అదే వానలో కొట్టుకుపోతుంది.

పండగ అంటే చంపడం ఒక్కటే అనుకుంటే ఈ వేటకు వెళ్ళే సంతాల్ ఆదివాసులకు అన్యాయం చేసినట్టే. వైశాఖ పూర్ణిమకు పురూలియా అయోధ్య కొండ మీద జరిగే సెంద్రా అనే వేట పండగకు చుట్టుపక్కల రాష్ట్రాలనుంచి కూడా జనం వస్తారు. దిహ్రీ అనే వేట పూజారి అడవితల్లికి మొక్కి, వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని పూజ చేస్తాడు. రాత్రి అడవిలోనే సభ కూడుతుంది. లో బీర్ అని పిలిచే ఆ సభ ఊరి పెద్దలు తేల్చలేని తగాదాలను విని తీర్పు చెప్పే చోటు, వాళ్ళకు అది సుప్రీంకోర్టుతో సమానం. ఆ రాత్రి ఆటపాటలు, పెద్దవాళ్ళు కుర్రాళ్ళకు చెప్పే వంశకథలు అన్నీ కలిసి పండగ. తూర్పు మేదినీపూర్‌లో జ్యేష్ఠ అమావాస్యకు, ఫలహారిణీ కాళీపూజ రోజున జరిగే వేటకు ఇలాంటి వెనకటి వ్యవస్థ అంతగా కనిపించదు. అక్కడ రైళ్ళలో దిగినవాళ్ళు పొలంగట్లు, చెరువుగట్లు తోలి, అడవిపిల్లులనూ బావురుపిల్లులనూ కొట్టిన సందర్భాలున్నాయి. బావురుపిల్లి బెంగాల్ రాష్ట్ర జంతువు. మన కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో కాపాడుకుంటున్నది కూడా అదే.

మరి జింకలేవి? ఈ వేటల్లో దుప్పి దొరకడం ఇప్పుడు అరుదు. మొరిగే జింకలు అయోధ్య కొండ వైపు కొద్దిగా మిగిలాయి. జింకలు పోయింది బాణాలవల్లే అని నిందవేయడం తేలిక, కానీ అది నిజం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1890ల చివర్లో ఖరగ్‌పూర్ మీదుగా లైన్లు వేసినప్పుడు జంగల్‌మహల్ సాలవనాలకు మొదటిసారి పెద్ద బజారు దొరికింది. సాల కర్ర గట్టిది, చెదను తట్టుకుంటుంది, పట్టాల కింద స్లీపర్లకు అంతకన్నా మంచిది దొరకదు. జమీందార్లు, కంట్రాక్టర్లు వరసబెట్టి నరికించారు. ఆ పట్టాల మీదనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలనుంచి మన తాతలు వచ్చి వర్క్‌షాపులో, లోకోషెడ్డులో చేరారు. అడవి పలచబడ్డాక దాగడానికి పొద లేని జింకకు, ప్రతి ఏడూ వచ్చే తోలుడు వేట చివరి దెబ్బ అయింది. అంటే మనం ఈ కథకు బయటివాళ్ళం కాదు. పశ్చిమ మేదినీపూర్ జిల్లా అరాబారీలో 1972 ప్రాంతంలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి, అడవి కాపలాను ఊళ్ళకే అప్పగించి, నరికిన కలప రాబడిలో 25 శాతం వాటా ఇస్తామని ఒప్పించాడు. మోడులనుంచి సాల మళ్ళీ చిగిర్చింది. దేశమంతా ఉమ్మడి అటవీ యాజమాన్యం అని తర్వాత నడిపించిన పథకానికి అదే మొదలు.

అడవి తిరిగొస్తే జంతువులూ వస్తాయి. 2018 మార్చిలో లాల్‌గఢ్ అడవిలో అటవీశాఖ కెమెరాకు ఒక పెద్దపులి చిక్కింది. ఎన్నో ఏళ్ళుగా పులి జాడే లేని ప్రాంతం. వేట పండగల రోజులు దగ్గర పడుతున్నాయని అందరికీ తెలుసు. ఏప్రిల్ 13న బాఘ్‌ఘోరా అడవిలో ఆ పులి ఈటె గాయాలతో చచ్చిపడి కనిపించింది. ఖరగ్‌పూర్‌నుంచి అదేమీ దూరం కాదు. ఆ వార్త విన్న రోజు ఇక్కడ చాలామందికి ముద్ద దిగలేదు.

చట్టం ఏమంటుందో పిల్లలకు సూటిగానే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట కొన్ని జంతువులకు లైసెన్సు వేట ఉండేది. 1991 సవరణతో అది కూడా పోయింది. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన జంతువు లాంటి కొద్ది సందర్భాల్లో అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప వేట లేదు. చట్టం దృష్టిలో చంపడమే కాదు, తోలడం, ఎర వేయడం, వల పన్నడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. డప్పు కొట్టి తోలినవాడూ బాణం వేసినవాడితో సమానమే. ఇప్పుడున్న శిక్ష మామూలుగా మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎక్కువ రక్షణ ఉన్న జంతువైతే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు. ఆదివాసులకు మినహాయింపు ఉంది కదా అని కొందరంటారు. వన్యప్రాణి చట్టం నికోబార్ దీవుల తెగలకు మాత్రమే వేట హక్కును విడిగా ఉంచింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు భూమి, తేనె, చింతపండు, వెదురు లాంటి వాటిమీద సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూనే, వేటను మాత్రం అందులోంచి మినహాయించింది. మన నల్లమలలో విలువిద్యకు పేరుపడ్డ చెంచులు కూడా ఇదే చట్టం కింద బతుకుతున్నారు. అక్కడి పులుల అభయారణ్యంలో వాళ్ళలో ఎందరో కాపలాదారులుగా పనిచేస్తున్నారు. జాడ తీసే ఆ కన్నే ఇప్పుడు వేటగాళ్ళ ఉచ్చుల్ని పట్టుకుంటోంది.

చట్టం ఉన్నా బెంగాల్‌లో ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. పది మంది గార్డులున్న రేంజిలోకి వేలమంది దిగితే ఆపేది ఎలా? పర్యావరణ సంస్థ హీల్ వేసిన పిటిషన్ మీద కలకత్తా హైకోర్టు 2019 ఏప్రిల్‌లో ఈ వేటల్ని పూర్తిగా ఆపాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2023లో ఈ వేటల్ని ఆపడానికి జిల్లాల్లో అధికారులు, రైల్వే, స్వచ్ఛంద సంస్థలవాళ్ళతో హ్యూమేన్ కమిటీలు వేయమంది. అడవిలో వేలమందిని ఎదుర్కోవడం కన్నా, వాళ్ళు ఎక్కే స్టేషన్లోనే మాట్లాడటం మేలని అందరికీ అర్థమైంది. ఖరగ్‌పూర్ డివిజన్ స్టేషన్లలో వేట పండగల ముందు మైకుల్లో చెప్పడం, పోస్టర్లు అంటించడం, ఆయుధాలతో వచ్చేవాళ్ళను ఆపడం మొదలైంది. ప్లాట్‌ఫారం మీద విల్లు అప్పగించి వెనక్కి పోయినవాడి మీద కేసు ఉండదు, గాయపడ్డ జంతువూ ఉండదు. అడవిలో పట్టుబడితే రెండూ ఉంటాయి. లాఠీ కన్నా ఈ పద్ధతి మీదే నాకు గురి ఎక్కువ. ఊళ్ళలో దిహ్రీలతో, పెద్దలతో ముందే కూర్చుని మాట్లాడినచోట, పూజ, సభ, ఆటపాటలు ఉంచి చంపడం మానేద్దామని ఒప్పించడం సాధ్యమే. మాట్లాడకుండా ఉన్నపళంగా బలగాలను దించినచోట కోపమే మిగులుతుంది.

విలువిద్య పోతుందన్న బెంగ ఉన్నవాళ్ళకు కూడా దారి ఉంది. ఝార్‌గ్రామ్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఆర్చరీ అకాడమీ నడుస్తోంది. జంషెడ్‌పూర్‌లో టాటా అకాడమీ 1996నుంచీ ఉంది. రాంచీ దగ్గరి పల్లెలో వెదురు విల్లుతో మామిడికాయలు గురిచూసి కొట్టిన దీపికా కుమారి అక్కడే తయారైంది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు స్వర్ణాలు గెలిచింది. గాలి వీచే మైదానంలో ఆమె లెక్క కట్టేదీ, మంచె మీది విలుకాడు లెక్క కట్టేదీ ఒక్కటే గాలి.

ఖరగ్‌పూర్‌లో ఉండేవాళ్ళు చేయగలిగింది కొంచెమే అయినా పనికొచ్చేదే. వైశాఖ పూర్ణిమ, జ్యేష్ఠ అమావాస్య చుట్టుపక్కల రోజుల్లో బోగీలో విల్లులు, ఈటెలు, వలలతో గుంపు కనిపిస్తే వాళ్ళతో గొడవ పెట్టుకోకూడదు, ఫొటోలు తీసి అవమానించకూడదు. రైల్వే నంబరు 139కు ఫోన్ చేసి బండి నంబరు, బోగీ, దిగబోయే స్టేషన్ చెబితే ఆర్‌పీఎఫ్ వాళ్ళు ముందు స్టేషన్లో అటవీశాఖ మనుషులతో సిద్ధంగా ఉండగలుగుతారు. అడవి మాంసమంటూ సంతలో ఎవరైనా అమ్మజూపితే కొనకూడదు, కొన్నవాడిదీ నేరమే. గాయపడ్డ జంతువు ఊరి శివార్లకు వస్తే చుట్టూ మూగకుండా, కుక్కల్ని తోలేసి, అటవీశాఖకు కబురు పెట్టి, వాళ్ళు వచ్చేదాకా దూరంగా ఉండాలి.